సూపర్‌మ్యాన్‌కి మొదట్లో ఎగరడం రాదు! కామిక్‌కి సినిమా ఎంత నమ్మకంగా ఉండాలి?

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక పాత గొడవతో మొదలుపెడతాను.

2013లో నేను ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో కొత్తగా కలిసిన ఫ్రెండ్స్ నలుగురం ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ సినిమాకి వెళ్లాం. క్లైమాక్స్ గుర్తుంది కదా? సూపర్‌మ్యాన్ తన చేతులతో జనరల్ జాడ్ మెడ విరిచేస్తాడు. బయటికి వచ్చి బస్సు ఎక్కేదాకా ఒకటే గొడవ. మా వాడొకడు, “సూపర్‌మ్యాన్ ఎవర్నీ చంపడు రా, కామిక్స్‌లో అసలు చంపడు, క్యారెక్టర్‌ని నాశనం చేశారు” అని ఊగిపోతున్నాడు. నేను కూడా “అవును రా, కామిక్స్‌లో అట్లా ఉండదు” అని గట్టిగా వంత పాడాను.

ఇందులో కామెడీ ఏంటంటే, ఆ రోజుకి మా నలుగురిలో ఒక్కడు కూడా సూపర్‌మ్యాన్ కామిక్ చేత్తో పట్టుకున్నవాడు లేడు.

తర్వాత బీటెక్ అయ్యింది, ఉద్యోగం వచ్చింది, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయి. అప్పుడు కామిక్స్ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ రోజు బస్సులో మేం వాదించిన వాదన ఎంత డొల్లో తెలిసొచ్చింది. సూపర్‌హీరో సినిమా దాని కామిక్‌కి ఎంత నమ్మకంగా ఉండాలి? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. నమ్మకంగా ఉండాల్సింది ఏ కామిక్‌కి?

అసలు ‘ఒరిజినల్’ ఏది?

1938కి వెళ్దాం. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరం. జెర్రీ సీగెల్ కథ రాస్తాడు, జో షూస్టర్ బొమ్మలు గీస్తాడు. స్కూల్లో కలిసిన ఫ్రెండ్స్. ఇద్దరికీ అప్పటికి 23 ఏళ్లు. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో వీళ్ల సూపర్‌మ్యాన్ జనం ముందుకి వచ్చాడు.

ఆ సంచికలో సూపర్‌మ్యాన్‌కి ఎగరడం రాదు. దూకుతాడు, అంతే. ఒక్క దూకుకి మైలులో ఎనిమిదో వంతు, అంటే 200 మీటర్లు. కళ్లలోంచి మంటలు రావు. ఆయన విలన్లు కూడా వేరే గ్రహాల నుంచి దిగినవాళ్లు కాదు. పెళ్లాన్ని కొట్టే మొగుడు, లంచం మరిగిన సెనేటర్, ఇలాంటివాళ్లు. ఎదుటివాణ్ణి భయపెట్టి, బెదిరించి నిజం చెప్పించే రకం, కాస్త రౌడీ హీరో. పనిచేసే పేపర్ పేరు కూడా అప్పటికి ‘డైలీ ప్లానెట్’ కాదు, ‘డైలీ స్టార్’. 1940లో లెక్స్ లూథర్ మొదటిసారి వచ్చినప్పుడు ఆయన తల మీద ఎర్రటి జుట్టు ఉంది. గుండు ఆ తర్వాతి మాట.

మరి ఎగరడం ఎక్కడి నుంచి వచ్చింది? 1940లో అమెరికా రేడియోలో సూపర్‌మ్యాన్ సీరియల్ మొదలైంది. రేడియోలో హీరో ఎగిరాడు. 1941 నుంచి ఫ్లైషర్ స్టూడియో తీసిన కార్టూన్ సినిమాల్లో ఎగిరాడు. చూసి చూసి కామిక్ కూడా అదే దారి పట్టింది. ఎడిటర్ పెర్రీ వైట్ రేడియోలోనే పుట్టాడు. జిమ్మీ ఓల్సెన్ అనే పేరు రేడియో పెట్టిందే. అన్నిటికంటే పెద్దది క్రిప్టోనైట్. సూపర్‌మ్యాన్ అనగానే మనకి గుర్తొచ్చే ఆ రాయి 1943లో రేడియో కథలో వచ్చింది. కామిక్ పేజీలోకి రావడానికి 1949 దాకా పట్టింది.

అంటే మనం ఈరోజు ‘కామిక్‌లో ఉన్నట్టే’ అని దేన్ని పట్టుకుని కొట్లాడుతున్నామో, అందులో సగం కామిక్ కానిదాని నుంచి కామిక్‌లోకి వచ్చిందే!

బ్యాట్‌మ్యాన్ సంగతి చూద్దాం. “బ్యాట్‌మ్యాన్ చంపడు, తుపాకీ పట్టడు” అనేది ఫ్యాన్స్‌కి మొదటి రూలు కదా. 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచిక, బ్యాట్‌మ్యాన్ తొలి కథ. అందులో ఆయన గుద్దిన గుద్దుకి విలన్ యాసిడ్ తొట్టిలో పడి చచ్చిపోతాడు. వాడికి అదే తగిన శాస్తి అన్నట్టు మాట్లాడతాడు మన హీరో. 1940లో ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికలో అయితే విమానానికి మెషిన్ గన్ బిగించి మరీ కాలుస్తాడు. ఆ తర్వాతే విట్నీ ఎల్స్‌వర్త్ అనే ఎడిటర్ కూర్చుని, ఇకనుంచి బ్యాట్‌మ్యాన్ చంపకూడదు, తుపాకీ పట్టకూడదు అని గీత గీశాడు. చదివేవాళ్లు చిన్నపిల్లలు కాబట్టి పెట్టిన ఎడిటోరియల్ రూల్ అది. తర్వాత వచ్చిన రచయితలు ఆ రూల్‌కి ప్రాణం పోశారు. కళ్ల ముందే అమ్మానాన్నల్ని తుపాకీ మింగేసిన పిల్లాడు తుపాకీని ఎందుకు ముట్టుకుంటాడు అని దానికో కారణం కుదిరింది. అంత బాగా కుదిరింది కాబట్టే, మొదటి రోజు నుంచీ అలాగే ఉందేమో అని మనం నమ్మేస్తున్నాం.

ఆల్ఫ్రెడ్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1943లో కామిక్‌లోకి వచ్చినప్పుడు ఆల్ఫ్రెడ్ లావుగా, తడబడుతూ నవ్వించే మనిషి. అదే ఏడాది సినిమా హాళ్లలో వారం వారం వేసే బ్యాట్‌మ్యాన్ సీరియల్ వచ్చింది. అందులో ఆ వేషం కట్టిన నటుడు సన్నగా, చిన్న మీసంతో ఉన్నాడు. కొన్నాళ్లకే కామిక్‌లో ఆల్ఫ్రెడ్ సెలవు మీద వెళ్లి, సన్నబడి, మీసంతో తిరిగొచ్చాడు! తెర మీద ఉన్న మనిషికి పేజీ మీద ఉన్న మనిషిని మ్యాచ్ చేశారు. బ్యాట్‌కేవ్ కూడా ఆ సీరియల్ పుణ్యమే.

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇలా అర్థమైంది. కామిక్ అనేది ఫైనల్ చేసి లాక్ వేసిన డాక్యుమెంట్ కాదు. 80 ఏళ్ల పైగా వందలమంది కమిట్ చేస్తూ వస్తున్న రిపోజిటరీ. రేడియో వాళ్లు, కార్టూన్ వాళ్లు, సినిమా వాళ్లు పక్కన ఒక బ్రాంచ్ తీసి ఏదో మారుస్తారు. నచ్చితే అది మెయిన్‌లోకి మెర్జ్ అవుతుంది. నచ్చకపోతే అక్కడే పడి ఉంటుంది.

పేజీ నుంచి తెరకి, తెర నుంచి పేజీకి

ఈ మెర్జ్‌లు ఆగలేదు. 1978లో రిచర్డ్ డానర్ తీసిన ‘సూపర్‌మ్యాన్’లో మార్లన్ బ్రాండో, అంటే సూపర్‌మ్యాన్ నాన్న, గుండె మీద ఎస్ గుర్తు వేసుకుని కనిపిస్తాడు. అప్పటిదాకా అది సూపర్‌మ్యాన్ పేరులో మొదటి అక్షరం, అంతే. సినిమా దాన్ని క్రిప్టాన్‌లో ఒక వంశం గుర్తుగా మార్చింది. తర్వాతి కామిక్స్ దాన్ని తీసుకున్నాయి. హార్లే క్విన్ 1992లో బ్యాట్‌మ్యాన్ టీవీ కార్టూన్‌లో పుట్టింది, తర్వాత కామిక్స్‌లోకి వెళ్లింది. 2002లో ‘ది అల్టిమేట్స్’ కామిక్‌లో నిక్ ఫ్యూరీని శామ్యూల్ ఎల్. జాక్సన్ పోలికలతో గీశారు. 2008లో ‘ఐరన్ మ్యాన్’ చివర్లో ఆ పాత్ర వేసింది ఎవరు? ఆ జాక్సనే!

2000లో వచ్చిన ‘ఎక్స్-మెన్’ ఇంకో పెద్ద గొడవ. కామిక్‌లో పసుపు, నీలం డ్రెస్సులు. సినిమాలో అందరికీ నల్ల లెదర్. కామిక్‌లో వుల్వరిన్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. వేసిన హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటిన మనిషి. రూల్ ప్రకారం చూస్తే ఇంతకంటే తప్పు కాస్టింగ్ ఉండదు. కానీ ఈరోజు వుల్వరిన్ అంటే మీ కళ్ల ముందు ఎవరు కనిపిస్తున్నారు? మొదటి సినిమా వచ్చిన 24 ఏళ్లకి, 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’లో జాక్‌మన్ ఆ పసుపు డ్రెస్ వేసుకుంటే థియేటర్లో విజిల్స్ పడ్డాయి. నేనూ వేశాను, దాచుకోవడం ఎందుకు.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త విషయం ఏం కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ మనందరి సినిమా. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి మహాభారతంలో లేదు, జనం చెప్పుకున్న కథల నుంచి వచ్చింది. మూలంలో లేదని మనమెవరమైనా టీవీ కట్టేశామా? ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే ఉన్నాడా లేదా అన్నదే చూశాం.

మరి ఏదైనా మార్చేయొచ్చా?

అలా అని ఏదైనా చేసుకోవచ్చు అనడం లేదు. ఇక్కడే నా పాత గొడవకి మళ్లీ వస్తాను.

1988లో జాన్ బర్న్ రాసి గీసిన ‘సూపర్‌మ్యాన్’ 22వ సంచిక ఉంది. అందులో సూపర్‌మ్యాన్ ముగ్గురు క్రిప్టాన్ నేరస్తుల్ని క్రిప్టోనైట్‌తో చంపేస్తాడు. వాళ్లలో ఒకడు జనరల్ జాడే! అంటే “కామిక్స్‌లో అసలు చంపడు” అన్న మా వాడి పాయింట్ అక్కడికక్కడే పడిపోయింది. కానీ ఆ తర్వాత ఏమైంది అనేది అసలు విషయం. చంపినందుకు ఆ కామిక్ సూపర్‌మ్యాన్‌ని నెలల తరబడి వెంటాడుతుంది. మనసు చెదిరిపోతుంది. ఇక నేను ఈ భూమ్మీద ఉండటం ఎవరికీ మంచిది కాదు అని తనకి తానే శిక్ష వేసుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. చంపాడు, కానీ ఆ బరువుని కథ మోసింది.

2013 సినిమాలో? సూపర్‌మ్యాన్ గట్టిగా అరుస్తాడు, లోయిస్ పక్కన కూలబడతాడు. దాదాపు వెంటనే వచ్చే సీన్‌లో డ్రోన్‌ని కిందపడేసి ఆర్మీ జనరల్‌తో తేలిగ్గా మాట్లాడుతుంటాడు. ఆ రోజు మాకు నిజంగా ఇబ్బందిగా అనిపించింది ఇది. అప్పుడు మాటలు దొరక్క “కామిక్‌లో లేదు” అన్నాం. చంపడం తప్పా ఒప్పా అన్నదానికంటే, చంపాక ఈ మనిషి ఏమవుతాడు అన్నది సినిమా అడగలేదు.

ఇప్పుడు 2025లో జేమ్స్ గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’ తీసుకోండి. చిన్న స్పాయిలర్ ఉంది, చూడనివాళ్లు ఒక పేరా దాటేయండి. క్రిప్టాన్ నుంచి అమ్మానాన్నలు పంపిన మెసేజ్ రెండో సగం బయటపడుతుంది. ఆ జనం బలహీనులు, వాళ్లని ఏలుకో అని ఉంటుంది అందులో. కామిక్స్ చదివినవాళ్లకి ఇది పెద్ద షాక్. మనకి అలవాటైన జోర్-ఎల్ దేవుడి లాంటి నాన్న. మూలాన్ని ఇంతగా మార్చిన ఆ సినిమాలోనే, ఊరంతా కూలిపోతుంటే సూపర్‌మ్యాన్ ఆగి ఒక ఉడతని కాపాడతాడు. పుట్టుకతో వచ్చిన ఆర్డర్‌ని పక్కనపెట్టి, పెంచిన పల్లెటూరి అమ్మానాన్నలు నేర్పిన మంచితనాన్ని తనంతట తను ఎంచుకుంటాడు. నాకైతే వివరాలు మారినా మనిషి మారలేదు అనిపించింది.

స్పైడర్‌మ్యాన్ దగ్గర కూడా ఇదే. 2002 సినిమాలో సామ్ రైమీ వెబ్ షూటర్ మెషిన్ తీసేసి, మణికట్టులోంచే సాలెగూడు దారం వచ్చేటట్టు చేశాడు. బీటెక్ చదివినవాడిగా నాకు అది ఇప్పటికీ కొంచెం బాధే. జేబులో డబ్బుల్లేని కుర్రాడు గదిలో కూర్చుని సొంతంగా గాడ్జెట్ కట్టుకోవడంలోని మజా పోయింది. కానీ నిర్లక్ష్యం వల్ల పెదనాన్న బెన్ పోవడం, ఆ తప్పుని పీటర్ జీవితాంతం మోయడం, అద్దె కట్టలేక తిప్పలు పడటం, అవన్నీ ఉన్నాయి. ఇంకోవైపు 2014లో ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2’ గ్వెన్ స్టేసీ చావుని 1973 కామిక్‌కి చాలా దగ్గరగా తీసింది. ఆ ఒక్క సీన్ గుండె పిండేస్తుంది. సినిమా మొత్తం మాత్రం చెల్లాచెదురుగా ఉంటుంది. ఒక సీన్ అచ్చు దింపినంత మాత్రాన సినిమా నిలబడదు.

కాబట్టి నేను పెట్టుకున్న పరీక్ష ఇది. డ్రెస్ రంగు, ఎత్తు, జుట్టు, ఊరి పేరు మార్చుకోండి. ఆ పాత్ర కష్టంలో ఏ నిర్ణయం తీసుకుంటుంది, ఆ నిర్ణయానికి ఏ మూల్యం కడుతుంది, అది మారిస్తే మాత్రం అది వేరే మనిషి. అప్పుడు పేరు కూడా వేరేది పెట్టుకోవాలి.

మనం మర్చిపోయిన నమ్మకద్రోహం

ఇక్కడితో ఎపిసోడ్ ఆపేయొచ్చు. కానీ ఇంత చదివాక నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇంకోటి ఉంది.

సీగెల్, షూస్టర్ గురించి చెప్పాను కదా. 1938లో సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ వాళ్ల దగ్గర కంపెనీ కొనేసింది. ఎంతకో తెలుసా? 130 డాలర్లు. ఇద్దరికీ కలిపి. 1947లో కోర్టుకి వెళ్లారు. కొంత డబ్బుతో రాజీ అయ్యింది, హక్కులు రాలేదు. ఆ తర్వాత కామిక్స్‌లో వాళ్ల పేర్లు కూడా కనిపించకుండా పోయాయి. 1975 నాటికి సీగెల్ ఒక ఆఫీసులో చిన్న గుమస్తా. బొమ్మలు గీసిన షూస్టర్‌కి చూపు మందగించింది. అప్పుడే పేపర్లలో వార్త. సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా వస్తోంది, హక్కులకి లక్షల డాలర్లు చేతులు మారుతున్నాయి అని.

సీగెల్ కడుపు మండి పత్రికలకి ఉత్తరం రాశాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి ఆర్టిస్టులు వాళ్ల తరఫున నిలబడ్డారు. టీవీల్లో, పేపర్లలో గోల అయ్యింది. చివరికి 1975 డిసెంబర్‌లో వార్నర్ కంపెనీ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు, వైద్య ఖర్చులు, అన్నిటికంటే ముఖ్యంగా సృష్టికర్తలుగా వాళ్ల పేర్లు. 1978 సినిమా టైటిల్స్‌లో ఆ పేర్లు కనిపిస్తాయి. ఈసారి చూసినప్పుడు స్కిప్ కొట్టకండి.

ఇంకో మాట. ఆ 130 డాలర్లు రాసిన చెక్కుని 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. కాగితానికి వచ్చిన విలువ, దాని మీద పేరున్న మనుషులకి ఆ రోజు రాలేదు.

బిల్ ఫింగర్‌ది ఇంకా ఘోరం. బ్యాట్‌మ్యాన్‌కి బాబ్ కేన్ గీసిన మొదటి బొమ్మలో ఎర్ర డ్రెస్, కళ్లకి చిన్న మాస్క్, వీపున బిరుసు రెక్కలు. తల కప్పే ముసుగు, రెక్కల్లాంటి కేప్, నల్లటి రూపం, బ్రూస్ వేన్ అనే పేరు, గోథమ్ అనే ఊరి పేరు, ఇవన్నీ ఫింగర్ ఇచ్చినవి. తొలి కథ రాసిందీ ఆయనే. క్రెడిట్ మాత్రం ఒప్పందం ప్రకారం కేన్ ఒక్కడిదే. ఫింగర్ 1974లో పోయాడు. 1989 సినిమా ప్రపంచాన్ని ఊపేసినప్పుడు తెర మీద ఆయన పేరు సృష్టికర్తగా లేదు. మార్క్ టైలర్ నోబెల్‌మన్ అనే రచయిత ఏళ్ల తరబడి వెతికి, ఫింగర్ మనవరాలు ఎథీనాని కలిశాడు. ఆమె పోరాడింది. 2015లో కంపెనీ ఒప్పుకుంది. 2016లో ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ టైటిల్స్‌లో, ఆయన పోయిన 42 ఏళ్లకి, సినిమా తెర మీద మొదటిసారి ఆ పేరు పడింది. మార్వెల్ వైపు జాక్ కర్బీ కుటుంబం కూడా కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, సుప్రీంకోర్టు మెట్ల దాకా వెళ్లాక 2014లో కంపెనీతో రాజీకి వచ్చింది. కెప్టెన్ అమెరికా, హల్క్, థోర్, బ్లాక్ పాంథర్... వీటన్నిటి పుట్టుకలో కర్బీ చెయ్యి ఉంది.

‘వాచ్‌మెన్’ చూడండి. 2009లో జాక్ స్నైడర్ చాలా షాట్లని కామిక్ బాక్సుల్లాగే కంపోజ్ చేశాడు. క్లైమాక్స్‌లో ఒక పెద్ద మార్పు తప్ప, చూపుకి ఇంత నమ్మకంగా తీసిన సూపర్‌హీరో సినిమాలు తక్కువ. కానీ దాన్ని రాసిన అలన్ మూర్ నా పేరు వేయొద్దు, నాకు డబ్బు కూడా వద్దు అన్నాడు. హక్కుల విషయంలో కంపెనీ తనని మోసం చేసిందని ఆయన కోపం. ఫ్రేమ్‌లన్నీ కామిక్‌లో ఉన్నట్టే ఉన్నాయి, రాసినవాడు మాత్రం లేడు.

నాకు ఇది ఎందుకింత గుచ్చుకుంది అంటే, నా ఉద్యోగంలో చూశాను. మా టీమ్‌లో ఒకమ్మాయి మూడు నెలలు రాత్రింబగళ్లు కూర్చుని ఒక మాడ్యూల్ మొత్తం రాసింది. క్లయింట్‌కి డెమో ఇచ్చిన రోజు స్లైడ్ మీద పైవాడి పేరు ఉంది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. మేమంతా కొట్టాం. నేను ఒక్క మాట అనలేదు. సీగెల్ ఉత్తరం గురించి చదివిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చప్పట్లే.

సూపర్‌మ్యాన్ పైన ఎర్ర నిక్కరు తీసేసినందుకు 2013లో ఇంటర్నెట్‌లో ఎన్ని యుద్ధాలు జరిగాయో నాకు గుర్తుంది. ఫింగర్ పేరు కోసం అందులో పదో వంతు గొడవ ముందే జరిగి ఉంటే? నీల్ ఆడమ్స్‌తో పాటు నిలబడింది కొద్దిమందే, అయినా ఒక పెద్ద కంపెనీ దిగొచ్చింది. ఫ్యాన్స్ గొంతుకి అంతకంటే బలం ఉంది. దాన్ని మనం ఎక్కువగా బట్టల మీద ఖర్చుపెడుతున్నాం.

సో, నా జవాబు ఇది. కథలు మారనివ్వండి, అవి మొదటి నుంచీ మారుతూనే బతికాయి. పాత్ర మనసు మారిస్తే నిలదీయండి. మనుషుల పేర్లు చెరిపేస్తే మాత్రం అస్సలు ఊరుకోకండి. ఈసారి ఏ సూపర్‌హీరో సినిమా చూసినా, పోస్ట్ క్రెడిట్ సీన్ కోసం ఎలాగూ కూర్చుంటాం కదా, అక్కడ జారిపోయే పేర్లలో సృష్టికర్తల పేరు వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ తీసి కింద పెట్టండి, ఒక్కొక్కరి కథ ఒక్కో ఎపిసోడ్ చేద్దాం.

ఆ బస్సులో నాతో గొడవపడ్డవాడు కూడా ఇది చూస్తాడు. రేయ్, 1988 కామిక్ నా దగ్గర ఉంది. ఆదివారం ఇంటికి రా, చదువుకుని మళ్లీ మొదలుపెడదాం. మిగతావాళ్లందరినీ నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుస్తాను. ఉంటా.